నేరం పాఠం ఎవరు చెప్పాలి?

కాలేజీలో ఒక అధ్యాపకుణ్ణి తీసుకోవడం మామూలు పనిలా కనిపిస్తుంది. ప్రకటన వేస్తారు, దరఖాస్తులు వస్తాయి, కమిటీ కూర్చుంటుంది, ఒకరికి ఉత్తర్వు ఇస్తారు. కానీ ఆ ఉద్యోగం నేరం గురించి పాఠం చెప్పేదైతే, ఆ పాఠంలో నేరస్థులుగా కనిపించేది ఎప్పుడూ ఒకే రకం జనమైతే, ఆ ఎంపికను మామూలు పని అనుకోలేం. మేము ఏజెన్సీ బడుల్లో అ ఆలు దిద్దించే మాస్టర్లం. అమెరికా కాలేజీలో ప్రొఫెసర్ ఎంపికతో మీకేం పని అని ఎవరైనా అడగవచ్చు. ఎవరి గురించి ఎవరు చెప్పాలి, ఎవరికి ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న మీదే మాకు ఉద్యోగాలు వచ్చాయి. అదే ప్రశ్న మీద మా తరువాతి వాళ్ళకు ఆ దారి మూసుకుపోయింది. అందుకని ఈ విషయం మాది కూడా.

కాలిఫోర్నియాలో పొమోనా అనే కాలేజీ ఉంది. 1887లో పెట్టారు. దాన్ని లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటారు. అంటే వృత్తి నేర్పే చదువు కాకుండా సాహిత్యం, చరిత్ర, సైన్సు, సమాజశాస్త్రం కలిపి చెప్పే చిన్న కాలేజీ. ఇలాంటి చోట నేరం గురించి చెప్పేవాళ్ళ బాధ్యత పోలీసు శిక్షణ కాలేజీలో చెప్పేవాళ్ళ బాధ్యత కంటే వేరు. పోలీసు కాలేజీలో నేరస్థుణ్ణి ఎలా పట్టుకోవాలో చెబుతారు. ఇక్కడ నేరం అని దేన్ని అంటున్నాం, అలా అనే అధికారం ఎవరి చేతిలో ఉంది అని అడగడం నేర్పాలి. ఆ తరగతి నుంచి రేపు జడ్జీలు, పత్రికల వాళ్ళు, అధికారులు వస్తారు.

2017లో ఆ కాలేజీ సమాజశాస్త్ర విభాగంలో ఆలిస్ గాఫ్మన్‌ను విజిటింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. ఆమె తెల్లజాతి మహిళ, పేరున్న సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ కూతురు. ఆమె రాసిన 'ఆన్ ద రన్' పుస్తకాన్ని 2014లో చికాగో యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఫిలడెల్ఫియా నగరంలో ఒక నల్లజాతి పేదల వాడలో ఆరేళ్ళ పాటు అక్కడి యువకులతో తిరిగి, పోలీసుల నుంచి తప్పించుకు తిరిగే వాళ్ళ బతుకును ఆ పుస్తకంలో రాసింది. వాడ పేరు, మనుషుల పేర్లు మార్చింది. పుస్తకానికి చాలా పేరొచ్చింది. తరువాత చాలా గొడవ కూడా వచ్చింది.

పొమోనా ఆమెను తీసుకుందని తెలిసి 2017 ఏప్రిల్‌లో అక్కడి సమాజశాస్త్ర విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, వాళ్ళ మద్దతుదారులు 128 మంది ఒక బహిరంగ లేఖ రాశారు. నియామకాన్ని వెనక్కి తీసుకోమని అడిగారు. నల్లజాతి మగవాళ్ళను నేరస్థులుగా చూసే అలవాటును ఆ పుస్తకం ఇంకా గట్టి చేస్తుందన్నారు. పరిశోధన చేసిన తీరు నైతికంగా సరిగా లేదన్నారు. కాలేజీలో నల్లజాతి, ఇతర జాతుల మహిళా అధ్యాపకులు తక్కువగా ఉన్నప్పుడు ఇలాంటి ఎంపిక చేయడమేంటని అడిగారు. తమకు హాని జరుగుతుందేమోనని లేఖ కింద పేర్లు పెట్టలేదు. కాలేజీ మాత్రం తన నిర్ణయం మార్చుకోలేదు.

ఈ గొడవలో ఎవరి పక్షం అని వెంటనే తేల్చేముందు పుస్తకంలో ఏముందో చూడాలి. మంచీ ఉంది, చెడూ ఉంది.

మంచి ఏమిటంటే వారెంటు గురించి చెప్పింది. ఆ వాడలో కుర్రాళ్ళ మీద ఉండే వారెంట్లు చాలావరకు పెద్ద నేరాలకు వచ్చినవి కావు. వాయిదాకు రాలేదని, కోర్టు ఫీజు కట్టలేదని, షరతు తప్పారని వచ్చినవి. వారెంటు ఉన్నవాడు ఆసుపత్రికి పోడు. ఉద్యోగానికి పోడు. స్నేహితుడి అంత్యక్రియలకు కూడా పోడు. అవన్నీ పోలీసులు కాచుకునే చోట్లు. అలా చట్టం ఒక మనిషిని బతుకులోంచే పారిపోయేలా చేస్తుంది. ఇది చదివితే మనకు కొత్తగా అనిపించదు. పోడు కేసు, సారా కేసు, గంజాయి కేసు ఏదైనా సరే, మన కుర్రాడికి వాయిదా అంటే ఒక రోజు కూలి పోవడం, బస్సు చార్జీలు, వకీలు ఫీజు. రెండు వాయిదాలు తప్పితే నాన్ బెయిలబుల్ వారెంటు. వారెంటు వచ్చిన నాటి నుంచి వాడు సంతకు రాడు, చుట్టాలింటికి పోడు, జ్వరమొచ్చినా పీహెచ్‌సీ గడప తొక్కడు. నేరం చిన్నది, పారిపోవడం పెద్దదైపోతుంది. ఈ సంగతిని ఇంత వివరంగా రాసినందుకు ఆ పుస్తకానికి విలువ ఇవ్వాలి.

చెడు మూడు చోట్ల ఉంది.

మొదటిది, ఎంచుకున్న మనుషులు. ఒక వాడలో పొద్దున్నే లేచి పనికి పోయేవాళ్ళుంటారు, బడికి పోయే పిల్లలుంటారు, చర్చిలో పాడేవాళ్ళుంటారు. ఆ పుస్తకంలోనూ పోలీసు గొడవల్లో లేనివాళ్ళ గురించి ఒక అధ్యాయం ఉంది. కానీ పుస్తకం పరుగంతా తుపాకులు, తప్పించుకోవడాలు, ప్రతీకారాల వెంటే. చదివినవాళ్ళకు మిగిలేది ఆ బొమ్మే. విక్టర్ రియోస్ అనే సమాజశాస్త్రవేత్త తాను చిన్నప్పుడు అలాంటి వాడలోనే పెరిగి, పోలీసు దెబ్బలు తిని, తరువాత ప్రొఫెసర్ అయ్యాడు. ఓక్లండ్ కుర్రాళ్ళ గురించి 'పనిష్డ్' అనే పుస్తకాన్ని 2011లో తెచ్చాడు. బయటివాడు అడవిలోకి వెళ్ళి, అక్కడి వాళ్ళలో కలిసిపోయి, బతికి తిరిగొచ్చి కథ చెప్పే పద్ధతిని అతను 'జంగిల్ బుక్' పద్ధతి అని విమర్శించాడు. ఆ మాట మనకు వెంటనే అర్థమవుతుంది. మన మీద వచ్చిన రాతల్లో చాలావాటికి అదే అచ్చు.

రెండోది, సరిచూసే వీలు లేకపోవడం. కోర్టు అడిగితే ఇవ్వాల్సి వస్తుందని, తనను నమ్మినవాళ్ళు ఇరుక్కుంటారని గాఫ్మన్ తన నోటు పుస్తకాలను నాశనం చేసింది. ఆ భయం నిజమైనదే. నమ్మినవాళ్ళను కాపాడాలనుకోవడం కూడా సరైనదే. కానీ దానివల్ల ఆమె రాసింది ఆమె మాట మీదే నిలబడాల్సి వచ్చింది. ఆసుపత్రుల్లో పోలీసులు వచ్చినవాళ్ళ పేర్లు చూసి పట్టుకుంటారన్న ఆమె మాటను స్టీవెన్ లూబెట్ అనే లా ప్రొఫెసర్ 2015లో ప్రశ్నించాడు. కొందరు ఆమె పక్షాన నిలబడ్డారు. అయితే ఆ వాడ మనుషుల్లో ఎవరూ ఇది మా కథే అనో, కాదు అనో చెప్పగలిగే చోటు ఆ చర్చలో దొరకలేదు. వాళ్ళ పేర్లే లేవు కదా.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. తన స్నేహితుడు హత్యకు గురయ్యాక, చంపినవాడి కోసం తుపాకీ పట్టుకుని వెతుకుతున్న ఇంకో స్నేహితుణ్ణి కారులో తానే తిప్పినట్టు ఆమె పుస్తకం చివర రాసుకుంది. ఇది చట్టప్రకారం హత్యకు కుట్ర అవుతుందని లూబెట్ అన్నాడు. ఎవరినీ చంపే ఉద్దేశం తనకు లేదని, అది దుఃఖంలో చేసిన పని అని, ఏమీ జరగదని తనకు తెలుసని ఆమె జవాబిచ్చింది. ఆమె మీద కేసు రాలేదు. ఇక్కడ మేము అడిగేది ఒక్కటే. అదే కారులో అదే పని ఒక నల్లజాతి కుర్రాడు చేసి, దాన్ని తానే పుస్తకంలో రాసుకుంటే? అతని దుఃఖాన్ని ఎవరైనా వినేవాళ్ళా? అతనికి కాలేజీలో ఉద్యోగం వచ్చేదా? ఒకే పని ఒకరి చేతిలో నేరం, ఇంకొకరి చేతిలో పరిశోధన అనుభవం. నేరం పాఠం చెప్పే తరగతిలో మొదటి రోజు చర్చించాల్సిన సంగతి ఇదే.

నేరశాస్త్రం పుట్టుక చూస్తే ఇది ఒక్క మనిషి తప్పు కాదని తెలుస్తుంది. 1876లో ఇటలీలో లాంబ్రోసో అనే వైద్యుడు నేరస్థులు పుట్టుకతోనే నేరస్థులని, ముఖం, పుర్రె కొలిచి చెప్పవచ్చని పుస్తకం రాశాడు. దానికి ఐదేళ్ళ ముందే, 1871లో, మన దేశంలో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుర్రె కొలిచే శ్రమ కూడా వాళ్ళు పడలేదు, జాతి పేరు చాలింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వాళ్ళ పేర్లు రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలు, రాత్రి హాజరీలు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్‌మెంటుకు హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్ల అధికారి పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. ఉప్పు, ధాన్యం మోసుకు తిరిగి వ్యాపారం చేసుకునే జనం చేతిలోంచి ఆ బతుకుతెరువు ఎలా పోయిందో, వాళ్ళను 'బాగుచేసే' పేరుతో కూలీలుగా ఎలా మార్చారో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో పాత కాగితాలు తిరగేసి చూపించారు.

1952లో ఆ చట్టం పోయింది. కానీ దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. పేరు పోలేదు. 1991లో ఒకే ఏడాది స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 2023లో ఇంకొకటి ఆ ఊరి దొంగ కథతోనే వచ్చింది. ఆ ఊరి పిల్ల ఒకతె బీఈడీ చేసి బడిలో టీచరైతే సినిమా రాదు. జైలు మాన్యువళ్ళలో విముక్త జాతుల వాళ్ళను అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలు ఉంటూనే వచ్చాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కులాన్ని బట్టి జైల్లో పని పంచే నిబంధనలతో పాటు అలాంటి వాటినీ తప్పుపట్టింది. ఆ కేసు వేసింది ఎవరు? సుకన్య శాంత అనే జర్నలిస్టు. నేరశాస్త్రం డిగ్రీలిచ్చే సంస్థలు దేశంలో దశాబ్దాలుగా ఉన్నాయి. ఆ నిబంధనలు కూడా దశాబ్దాలుగా ఉన్నాయి.

అధికారాన్ని ప్రశ్నించిన నేరశాస్త్రవేత్తలు లేరని కాదు. అమెరికాలోనే బర్క్‌లీలో ఒక నేరశాస్త్ర స్కూలు ఉండేది. అక్కడ టోనీ ప్లాట్, హెర్మన్ ష్వెండింగర్ లాంటి అధ్యాపకులు పోలీసుల మీద, జైళ్ళ మీద, జాతివివక్ష మీద ప్రశ్నలు వేశారు. ఆ ఇద్దరికీ పర్మనెంటు ఉద్యోగం నిరాకరించారు. విద్యార్థులు ఆందోళన చేసినా 1976లో ఆ స్కూలునే మూసేశారు. వాడల్లోని కుర్రాళ్ళ మీద రాస్తే పేరొస్తుంది, పోలీసుల మీద రాస్తే ఉద్యోగం పోతుంది అని ఆ తరం నేర్చుకుని ఉంటుంది. ఎంపిక కమిటీలు ఎవరిని తీసుకోవాలో తేల్చినట్టే, ఎవరిని ఉంచకూడదో కూడా తేలుస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మరి నల్లవాళ్ళ గురించి నల్లవాళ్ళే చెప్పాలా? మన గురించి మనమే చెప్పాలా?

మా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది. ఎందుకిచ్చింది? మైదానం నుంచి వచ్చిన మాస్టర్లు బడికి రాకపోవడం వల్ల. పిల్లవాడు కోయలో, కువిలో, సవరలో, గోండిలో మాట్లాడితే అర్థం కాకపోవడం వల్ల. ఆ జీవో వల్ల మాలాంటి వాళ్ళు డిప్లొమాతోనే ఉద్యోగంలోకి వచ్చారు. మా గూడెంలోనే ఉన్నాం, వాన పడినా బడి తెరిచాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు షరతులతో నిలిచాయి. తరువాత వాళ్ళ దారి మాత్రం మారిపోయింది.

జీవో 3 పుట్టుక గురించి మాత్రమే మాట్లాడిందని చాలామంది అనుకుంటారు. పిల్లవాడికి ఏం కావాలి అన్నదే దాని ప్రశ్న. భాష తెలిసినవాడు కావాలి, ఊళ్ళో ఉండేవాడు కావాలి, అమ్మానాన్నలు నిలదీస్తే తప్పించుకోలేనివాడు కావాలి. ఈ మూడూ స్థానిక ఆదివాసీలో దొరుకుతాయి కాబట్టి పోస్టు అతనికి అంది. నేరం పాఠానికీ ఇదే కొలబద్ద వాడవచ్చు. జనం భాష తెలియాలి, వాళ్ళ మధ్య నిలకడ ఉండాలి, వాళ్ళకు జవాబు చెప్పగలగాలి. ఇలా కొలిస్తే ఆ జనంలోంచి వచ్చినవాళ్ళు ముందుంటారు. ముందుండాలి కూడా. పొమోనా విద్యార్థుల లేఖలో న్యాయం అక్కడుంది. అయితే పుట్టుక ఒక్కటే చాలదు. మన జాతిలో పుట్టి, ఖాకీ వేసుకోగానే మనవాళ్ళనే ముందు అనుమానించేవాళ్ళను మనం చూడలేదా?

బయటివాళ్ళలోనూ తేడాలున్నాయి. హైమన్‌డార్ఫ్ దొర యూరప్ వాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపిన తరువాత నిజాం ప్రభుత్వం తరఫున ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చాడు. అతనూ ప్రభుత్వ మనిషే, అతనూ పుస్తకాలు రాశాడు. ఆ రాతల్లోనూ మనం ఒప్పుకోనివి ఉంటాయి. కానీ మార్లవాయిలో గోండు కుర్రాళ్ళకే టీచరు శిక్షణ ఇప్పించాడు, గోండీలో వాచకాలు తెప్పించాడు, భూమి పట్టాలు రావడానికి పని చేశాడు. అతని భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. పుస్తకం రాసి వెళ్ళిపోయాక ఆ ఊళ్ళో ఏం మిగిలింది అని అడిగితే అక్కడ టీచర్లు మిగిలారు, పట్టాలు మిగిలాయి. ఫిలడెల్ఫియా వాడలో ఏం మిగిలింది? ఆ పుస్తకాన్ని ఇంత మెచ్చుకున్నవాళ్ళూ, ఇంత తిట్టినవాళ్ళూ ఈ ప్రశ్న మీద ఎక్కువసేపు నిలబడలేదు.

మన దేశంలోనూ ఇప్పుడు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలు వచ్చాయి. సోనిపత్‌లో అశోక, మన శ్రీసిటీలో క్రియా ప్రైవేటువి. కేంద్ర విద్యాసంస్థల టీచరు పోస్టుల్లో రిజర్వేషన్‌కు 2019లో చట్టం వచ్చింది, అందులో ఎస్టీలకు 7.5 శాతం. ప్రైవేటు యూనివర్సిటీలకు అది వర్తించదు. అక్కడ నేరం, చట్టం, జైలు గురించి పాఠం పెడితే ఉదాహరణలుగా మనం ఉంటాం. బల్లకు ఇవతల, కుర్చీలో కూర్చోవడానికి మాత్రం ఏ చట్టమూ మన పేరు చెప్పదు. దేశ జనాభాలో మనం 2011 లెక్కల ప్రకారం 8.6 శాతం. జైళ్ళ లెక్కల్లో మన వాటా అంతకంటే ఎక్కువ. అధ్యాపకుల లెక్కలు కూడా అలాగే ఏటా అచ్చువేసి పక్కన పెడితే చదువుకున్నవాళ్ళకు ఏదో ఒకటి అర్థమవుతుంది.

అలాంటి కమిటీ ముందు మాకు కూర్చునే అవకాశం వస్తే అభ్యర్థిని కొన్ని మామూలు ప్రశ్నలు అడుగుతాం. ఏజెన్సీలో గంజాయి మూటతో దొరికిన కుర్రాడి గురించి పాఠం చెప్పమంటే, సరుకు 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళ శిక్ష అని చెప్పి ఆగిపోతారా, ఆ మూటకు పెట్టుబడి పెట్టినవాడు ఎందుకు దొరకడో కూడా చెబుతారా? వాకపల్లి గురించి ఏం చెబుతారు? 2007 ఆగస్టులో 11 మంది కోందు ఆడవాళ్ళు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు పోలీసులను నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమంది. నిందితులు విడుదలయ్యారు, బాధితులకు పరిహారం ఇవ్వమన్నారు, చెడిన దర్యాప్తు మాత్రం ఏ సిలబస్‌లోకీ రాలేదు. దర్యాప్తు ఎలా చెడిపోతుందో నేర్పని నేరశాస్త్రం మనకెందుకు?

ఇంకొకటి అడుగుతాం. మీరు రాసింది ఆ మనుషులకు చదివి వినిపించారా? వాళ్ళు తప్పన్నది మార్చారా? మీరు ఆ ఊరు వదిలాక ఎవరైనా ఒక్కరు చదువుకుని, మీ పక్కన కూర్చుని, మీ మాటను కాదనగలిగే స్థితికి వచ్చారా?

ఈ ప్రశ్నలకు జవాబులు ఉన్న మనిషి ఏ జాతి వాడైనా ఆ తరగతి గదిలోకి రావచ్చు. అయితే ఆ ప్రశ్నలు పడాలంటే కమిటీలో మనవాళ్ళు ఉండాలి, ఎదుట కూర్చున్న విద్యార్థుల్లో మనవాళ్ళు ఉండాలి. లేకపోతే ఆ ప్రశ్నలు ఎవరికీ తోచవు. పొమోనాలో ఆ 128 మంది పేర్లు దాచుకునైనా అడగగలిగారు, ఎందుకంటే వాళ్ళు అప్పటికే ఆ కాలేజీ లోపల ఉన్నారు. విజయనగరంలో ఒక కేంద్ర గిరిజన యూనివర్సిటీ, ములుగులో సమ్మక్క సారక్క పేరుతో ఇంకొకటి వచ్చాయి. వాటిలో రేపు నేరం గురించీ, చట్టం గురించీ ఏ కోర్సు పెట్టినా, ఎవరిని తీసుకున్నా, మన పిల్లలు ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తి అడగాలి. అలా అడిగే పిల్లల్ని తయారుచేసి పంపే పని మాత్రం యూనివర్సిటీది కాదు. అది మూడో తరగతిలో మా దగ్గరే మొదలవుతుంది.